నాపరాళ్లకు పుణే బేరం, పట్టుచీరలకు ఉత్త లైకులు
(ఆన్‌లైన్ వ్యాపారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర మాకు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో ఫ్యాక్టరీ పేరు పక్కనే ‘కడప బ్లాక్ స్టోన్, హోల్‌సేల్, తక్కువ ధర’ అని కూడా చేర్చాం. రెండు నెలలు బాగానే కనిపించింది. పోయిన వారం సస్పెండ్ చేశామని మెయిల్ వచ్చింది. కొత్తది పెట్టుకోవచ్చా? పుణే, ముంబై బేరాలు రావాలంటే ఏం చేయాలి?
– కడప జిల్లా పాఠకుడు

జవాబు: కొత్తది పెట్టొద్దు. అదే చిరునామాతో ఇంకోటి తెరిస్తే అదీ పోవచ్చు. పాత దానికున్న రివ్యూలు కొత్త దానికి రావు కూడా. తప్పంతా పేరు దగ్గరే జరిగింది. బోర్డు మీద ఏ పేరుంటే మ్యాప్స్‌లోనూ అదే ఉండాలన్నది గూగుల్ నియమం. సరుకునూ ధరనూ పేర్లో ఇరికిస్తే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతారు.

ముందు ఆ అదనపు మాటలన్నీ తీసేయండి, ఆ తర్వాతే అప్పీలు. జీఎస్‌టీ సర్టిఫికెట్, కరెంటు బిల్లు, బోర్డు ఫోటో ముందే ఫోన్లోకి ఎక్కించుకోండి. అన్నిట్లోనూ పేరు, చిరునామా ఒకేలా ఉన్నాయా చూసుకోండి. అప్పీలులో ఆధారాలు జతచేసే ఫారం తెరిచాక 60 నిమిషాలే గడువు. ఫారం తెరిచి పెట్టుకుని, అప్పుడు ఆడిటరుకు ఫోన్ చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

వెరిఫికేషన్ వీడియో అడిగితే 30 సెకన్లకు తగ్గకుండా, ఎక్కడా ఆపకుండా ఏకబిగిన తీయండి. రోడ్డు, పక్క అంగడి బోర్డు, మీ బోర్డు, గేటు తాళం మీరు తీయడం, లోపల కటింగ్ మిషన్ వరుసగా రావాలి. మనుషుల ముఖాలు పడనీయకండి. ముక్కలు అతికించిన వీడియో చెల్లదు.

ఇక పుణే బేరం. మ్యాప్స్ మూడు సంగతులు చూస్తుంది: వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. పుణేలో వెతికే మేస్త్రీకి ఎర్రగుంట్ల ఫ్యాక్టరీ కనబడకపోవడానికి దూరమే కారణం. మ్యాప్స్ వల్ల మీకొచ్చేది కడప, ప్రొద్దుటూరు చుట్టుపక్కల బేరాలు. దూరపు బేరానికి సొంత వెబ్‌సైటు కావాలి, ఒక్క పేజీ ఉన్నా చాలు.

ఆ పేజీలో ఏ మాట వాడతారన్నదే అసలు పని. మనం నాపరాయి అంటాం, బండ అంటాం. మహారాష్ట్రలో వంటగట్టుకు వేసే ఇదే రాయిని ‘కడప్పా’ అంటారు. ఊరి ఇంగ్లిషు స్పెల్లింగు 2005లో మారింది గానీ, సీ, యూ, రెండు డీలతో రాసే పాత స్పెల్లింగు రాళ్ల వ్యాపారంలో ఇంకా చావలేదు. ఒకదాన్ని శీర్షికలో పెట్టి, మిగతావి లోపలి వాక్యాల్లో రానివ్వండి. మరాఠీలో నాలుగు ముక్కలు రాయించినా మంచిదే. ‘నాణ్యతకు మారుపేరు’ అని టైపు చేసి రాళ్లు వెతికేవాడు లేడు.

సైజు, మందం ఎన్ని మిల్లీమీటర్లు, పాలిష్ ఒకవైపా రెండువైపులా, చదరపు అడుగు ధర, అందులో జీఎస్‌టీ కలిసిందా, లోడింగు ఖర్చు ఎవరిది, లారీకి ఎన్ని అడుగులు పడతాయి? ఫోన్లో ప్రతివాడూ అడిగేవి ఇవే కాబట్టి పేజీలో ఉండాల్సిందీ ఇవే. ధర వేస్తే పక్క ఫ్యాక్టరీవాళ్లు చూస్తారని భయమా? వాళ్లకు ఎప్పుడో తెలుసు. రాయి ఫోటో తడిపి ఒకటి, ఆరాక ఒకటి పెట్టండి. తడి రాయి నిగనిగలాడే నలుపు చూసి ఆర్డరిచ్చినవాడికి బూడిదరంగు బండలు దిగితే డబ్బు దగ్గర పేచీ తప్పదు.

ప్రశ్న: అనంతపురంలో మాది ధర్మవరం పట్టుచీరల అంగడి. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు ఎక్కువమందికి కనబడాలని బూస్ట్ నొక్కి 3,000 రూపాయలు పెట్టాను. లైకులు 900 దాటాయి గానీ ఒక్క చీరా పోలేదు.
– అనంతపురం పాఠకురాలు

జవాబు: మీరు పెట్టిన బూస్ట్ లైకులు కొట్టేవాళ్లను తెచ్చింది, కొనేవాళ్లను కాదు. యాడ్ లక్ష్యం ఏది ఎంచుకుంటే ఆ పని చేసే అలవాటున్నవాళ్లకే ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ దాన్ని చూపిస్తుంది. ఈసారి బూస్ట్ బటన్ కాకుండా, మెటా యాడ్‌లు పెట్టుకునే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, నొక్కగానే వాట్సాప్ తెరుచుకునేలా మెసేజీల లక్ష్యం పెట్టండి. రోజుకు 500 చొప్పున ఏడు రోజులు నడపండి. మధ్యలో కెలకొద్దు. యాడ్ ఖర్చుపై 18 శాతం జీఎస్‌టీ ఉంటుందని లెక్కలో వేసుకోండి.

3,500 ఖర్చుకు 70 మెసేజీలొచ్చి, అందులో అయిదు చీరలు అమ్ముడైతే ఒక్కో చీరకు యాడ్ ఖర్చు 700, జీఎస్‌టీ కలిపితే 826. చీరపై మీ లాభం అంతకు మించకపోతే యాడ్ ఆపేయడమే మేలు. మెసేజీలు వచ్చినా అమ్మకం లేకపోతే తప్పు యాడ్‌ది కాదు. ధర దాచడమో, సాయంత్రం దాకా జవాబివ్వకపోవడమో అయి ఉంటుంది. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అనేది మానేయండి.

ఫోటోలు ట్యూబ్‌లైటు కింద వద్దు. పొద్దున నీడపట్టున పగటి వెలుతురులో అంచు, కొంగు, జాకెట్ ముక్క విడివిడిగా తీయండి. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబులుంటే అదీ కనబడాలి. మరమగ్గం చీరను ‘చేమగ్గం’ అని మాత్రం రాయకండి. తెలిసినవాళ్లు కింద కామెంటు పెడితే అంగడి పరువే పోతుంది.

ప్రశ్న: కర్నూలులో ఇంట్లో పచ్చళ్లు చేసి అమ్ముతాం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ పంపితే సగం మందికి చేరడం లేదు.
– కర్నూలు పాఠకురాలు

జవాబు: మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ అందుతుంది. సీసా మూత మీద నంబరు అంటించి, ‘సేవ్ చేసుకోండి, కొత్త ఆవకాయ రాగానే చెబుతాం’ అని రాయండి. చేరనివాళ్లందరినీ గ్రూపులో పడేయొద్దు. చిరాకుపడి పదిమంది రిపోర్టు కొడితే నంబరే బ్యాన్ కావచ్చు. బిజినెస్ యాప్‌లోని కేటలాగులో పావుకిలో, అరకిలో, కిలో ధరలు వేసి, ఆ లింకు స్టేటస్‌లో పెట్టండి.