మావారు కోలుకున్నారు, నాకే నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నా వయసు 47. నాలుగు నెలల క్రితం మావారికి గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఇప్పుడు ఆఫీసుకు వెళ్తున్నారు, రిపోర్టులన్నీ బాగున్నాయి. నాకు మాత్రం రాత్రిళ్లు మెలకువ వచ్చి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే గాని మళ్లీ నిద్ర పట్టదు. ఫోన్ ఎత్తకపోతే చేతులు వణుకుతాయి, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. ఆవకాయ జాడీ అటకెక్కించానని మొన్న పెద్ద గొడవైంది. నా వంట వల్లే ఇలా జరిగిందని మా అత్తగారు అన్న మాట మరిచిపోలేకపోతున్నాను. జబ్బు ఆయనకైతే నాకెందుకీ అవస్థ?
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: మీ అవస్థ వైద్యులు ఎరగనిది కాదు. డెన్మార్క్ జాతీయ రికార్డుల ఆధారంగా 2012లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వెలువడిన అధ్యయనంలో, గుండెపోటు నుంచి బయటపడిన వారి జీవిత భాగస్వాములు ఆ తరువాతి ఏడాదిలో దిగులుకు వాడే మందులను అంతకుముందు కంటే సుమారు 17 శాతం ఎక్కువగా వాడినట్లు తేలింది. ఇతర జబ్బులతో ఆసుపత్రిలో చేరి కోలుకున్న వారి భాగస్వాముల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. దీర్ఘకాలపు జబ్బులో మనసు సిద్ధపడడానికి కొంత వ్యవధి ఉంటుంది, గుండెపోటు ఆ వ్యవధి ఇవ్వదు. పైగా, మందుల మత్తులో ఉన్న రోగికి ఆ రాత్రి అంతగా గుర్తుండకపోవచ్చు గాని, ఐసీయూ బయట సంతకాలు పెడుతూ, డబ్బు సర్దుతూ మేలుకొని ఉన్నది మీరు. అప్పుడు భయపడడానికి కూడా తీరిక లేక అణచిపెట్టుకున్నదంతా, ఇల్లు సద్దుమణిగాక ఇప్పుడు బయటపడుతోంది.

మీ అత్తగారి మాట విషయానికొస్తే, గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం ఏళ్ల తరబడి సాగుతుంది. పొగాకు, బీపీ, షుగరు, వంశపారంపర్యం అన్నీ కలిస్తే జరిగే దాన్ని ఒకరి వంటకు అంటగట్టడం అన్యాయం. కన్నతల్లి భయంలో ఆ మాట జారి ఉండవచ్చు, అయినా దాన్ని మీరు మోయనక్కరలేదు.

ఉప్పు తగ్గించాలన్నది నిజమే. అయితే జాడీ దాచిపెడితే ఆయన బయట తింటారు, మీకు చెప్పరు. వచ్చే చెకప్‌కు మీరూ వెళ్లి, ఎంత నడవవచ్చు, ఏం తినవచ్చు, నొప్పి మళ్లీ వస్తే 108కి ఫోన్ చేసేలోగా ఏ మాత్ర ఇవ్వాలి అన్నవి ఆయన ఎదుటే అడిగి రాసుకోండి. అప్పుడు ఆ మాట డాక్టరుది అవుతుంది, మీరు కాపలా కాయవలసిన పని తగ్గుతుంది. మీరు రాయలేదు గాని, దాంపత్యం గురించి కూడా చాలామంది లోలోపలే భయపడతారు. రెండంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా అభ్యంతరం ఉండదు. సిగ్గుపడకుండా అదీ అడగండి.

నాలుగు నెలలైనా తగ్గలేదు కాబట్టి, మీ కోసం విడిగా సైకియాట్రిస్టునో, సైకాలజిస్టునో కలవండి. వెంటనే వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోన్ చేసి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చుకోవద్దు, త్వరగా అలవాటుపడే మందులవి. ఛాతీ పట్టేయడం ఆందోళన వల్లే కావచ్చు, కాని పరీక్ష చేయకుండా అలా అనుకోకూడదు. ఈ వారంలోనే ఈసీజీ, బీపీ, షుగరు చూపించుకోండి. ఈసారి మీవారినే తోడు తీసుకెళ్లండి.