పాప ముఖం పేజీకోలా వస్తోంది

ప్రశ్న: పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలని ఉంది. ఆర్ట్ కాలేజీలో చదవలేదు. కొత్త ఆలోచనలు రావట్లేదు, పైగా ఒకే పాప ముఖం పేజీకోలా వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఆలోచనల కోసం ఫోన్‌లో వెతక్కండి. అక్కడ దొరికేవి ఇంకొకరు వేసేసినవే. చిన్న స్కెచ్‌బుక్కుతో లోకల్ రైలెక్కండి. నిద్రలో మెడ ఎటు వాలింది, పూలబుట్ట బరువుకి నడుం ఎలా వంగింది... బొమ్మకు 2 నిమిషాలు, రబ్బరు ముట్టుకోవద్దు. ఎగ్మూరు మ్యూజియంలో నటరాజు కంచు విగ్రహాల ముందు కూర్చుని గీస్తే, ఒంటికాలి మీద బరువెలా నిలుస్తుందో చేతికే తెలుస్తుంది.

ముఖం మారేది ప్రతి పేజీలో పాపని కొత్తగా ఊహించుకోవడం వల్ల. ముందే ఒక కాగితం మీద ఆమెను ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి వేసుకోండి. తల పొడవుతో కొలిస్తే ఆమె ఎత్తు ఎన్ని తలలో రాసుకోండి. నాలుగైదేళ్ల పిల్లకి సుమారు 5. జడ ఏ వైపు, గౌను మీద చుక్కలెన్ని అన్నది కూడా. పిల్లలు ఆ చుక్కలు లెక్కపెడతారు, నమ్మండి!

తర్వాత 8 ఎ4 కాగితాలు మధ్యకి మడిచి కుట్టండి: 32 పేజీల నమూనా. కథంతా పెన్సిల్‌తోనే వేయండి. ముఖం నడిమడతలో పడితే ముక్కు మాయమే. అక్షరాలకు చోటు ముందే వదలండి. అసలు బొమ్మల్లో పేజీ అంచు దాటి 3 మి.మీ. రంగు వేయకపోతే, అచ్చయ్యాక కటింగులో తెల్లగీత కనిపిస్తుంది.

సాధనకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం. అక్కడి బొమ్మలు చూడకుండా మీవి వేయండి. పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థలు తూలిక, తారా బుక్స్ మీ ఊళ్లోవే. వారికి పంపేటప్పుడు విడి బొమ్మలు కాదు, ఒకే పాప వరుసగా కనిపించే 3 పేజీలు పంపండి.