ట్యాంకు మీది టరెట్ తీసేయండి, మిగతా రూల్స్ అవే సర్దుకుంటాయి

విమానాల డాగ్‌ఫైట్ బోర్డు గేమ్ రూల్స్‌తో సైన్స్ ఫిక్షన్ ట్యాంకుల యుద్ధం ఆడొచ్చా, ఏమేం మార్చాలి అని అడిగారు. ఆడొచ్చు, నల్లగొండలో ఎండాకాలం సెలవులకి అందరం కలిస్తే మేం మేడ మీద ఆడేది ఇదే. కాకపోతే ఈ మాట ఎత్తగానే అందరూ కవచం మందం ఎంత, గుండు ఎంత దూరం పోతుంది అని పట్టికలు గీయడం మొదలుపెడతారు. అవన్నీ పక్కన పెట్టి ముందు ట్యాంకు మీది టరెట్, అంటే ఫిరంగి గొట్టాన్ని ఎటైనా తిప్పే పై గూడు, తీసేయండి.

విమానాల ఆటలో మజా అంతా తుపాకీ ముక్కు వైపు బిగించి ఉండటంలోనే ఉంది. 1915లో ఫోకర్ విమానాలకు తిరిగే ప్రొపెల్లర్ రెక్కల సందులోంచి కాల్చే మెషిన్ గన్ వచ్చాక, గురి పెట్టడమంటే విమానాన్నే తిప్పడం అయిపోయింది. 2004లో వచ్చిన వింగ్స్ ఆఫ్ వార్ ఆట నిలబడింది కూడా దీని మీదే. ఇద్దరూ విమానం ఎటు కదలాలో చూపే కార్డులు మూడేసి బోర్లా పెట్టుకుని ఒక్కోటి ఒకేసారి తిప్పుతారు, ఎదుటివాడు ఎటు వంగుతాడో ముందే పసిగట్టి మీ ముక్కు అటు పెట్టాలి. చుట్టూ తిరిగే టరెట్ ఉంటే ఇక పసిగట్టే పనేముంది?

పోయిన వేసవిలో మా మేనల్లుడు టరెట్ ఉండాల్సిందే అని పట్టుబట్టాడు. సరే అని అలాగే ఆడాం. అగ్గిపెట్టెలు ట్యాంకులు, పెన్ను రీఫిల్ ముక్కలు గొట్టాలు, పాత శుభలేఖలు కత్తిరించి చేసినవి కార్డులు, కంకర రాళ్లు గుట్టలు. వాడు తన ట్యాంకుల్ని రాయి పక్కన నిలబెట్టి గొట్టం మాత్రం తిప్పుతూ కూర్చున్నాడు, మా బావ అయితే ఫోన్ తీసేశాడు. అప్పుడు రీఫిళ్లు పీకి ముందు వైపుకే అతికించాను. అంతే, ఆట మారిపోయింది. బావ పెద్ద రాయి చుట్టూ ఎడమ, నేరుగా, ఎడమ అని పెట్టాడు, వీడు అది కనిపెట్టి మొదటి కార్డే కుడికి వేసి రాయి అవతలి నుంచి తిరిగొచ్చాడు. మూడో కార్డు తిప్పేసరికి బావ ట్యాంకు వీపు వీడి గొట్టం ముందుంది. "ఎనక దొరికిండు మామా!" అని వాడు అరిచిన అరుపుకి మా అక్క కింద నుంచి పరుగెత్తుకొచ్చింది.

టరెట్ లేని ట్యాంకు ఏంటి అనే వాళ్లకి స్వీడన్ వాళ్ల ఎస్‌టీఆర్‌వీ 103 అనే ట్యాంకుని చూపించండి. గొట్టం బండికే బిగించి ఉంటుంది, గురి పెట్టాలంటే బండి మొత్తం తిరగాలి, ముక్కు పైకీ కిందికీ వంచాలి. 1960ల నుంచి 1990ల దాకా వాళ్ల సైన్యం దాన్ని వాడింది. నిజంగానే ఉన్నప్పుడు కథలో ఉంటే తప్పేంటి?

విమానం గాల్లో ఆగదు, ట్యాంకు ఆగుతుంది, అసలు చిక్కు ఇక్కడే. మీ ట్యాంకుల్ని నేలకి జానెడు ఎత్తులో తేలే రకంగా పెట్టుకోండి, బ్రేక్ కార్డు వేసినా సగం దూరం జారాలి, పూర్తిగా ఆగాకే వెనక్కి రావాలి. ఆటలో విమానాలు ఒకదాని మీద ఒకటి వస్తే పైనా కిందా ఎగురుతున్నాయి అనుకుంటాం, ఇక్కడ మాత్రం గుద్దుకున్నట్టే, ఇద్దరూ ఎంత దెబ్బ తగిలిందో చెప్పే డ్యామేజ్ కార్డు చెరొకటి తీయాలి. కాల్చేటప్పుడు దూరం కొలిచే స్కేలులో సగం లోపు ఉంటే రెండు డ్యామేజ్ కార్డులు, దాటితే ఒకటి అన్న పాత రూల్ అలాగే ఉంచి, వెనక నుంచి తగిలితే ఇంకొకటి కలపండి.

ఇంకో మాట. బయటి దేశం నుంచి ఆట తెప్పించుకుందామంటే కొరియర్, కస్టమ్స్ కలిసి జేబు ఖాళీ అవుతుంది, పైగా పెద్దవాళ్లు చూసి చిన్నపిల్లల ఆటలంటారు. మన తాతలు రాతిబండల మీద గీతలు చెక్కి మరీ పులి-మేక ఆడారు, 3 పులులు, 15 మేకలు, అది యుద్ధం ఆట కాక ఇంకేంటి! 1977లో అమెరికాలో దూసుకొచ్చే ఒక్క రాక్షస ట్యాంకుని చిన్న ట్యాంకులు, కాల్బలం గుంపుగా అడ్డుకునే ఓగర్ అనే ఆట వచ్చింది, లెక్క అదే. మీరు కూడా అలాంటిది ఆడాలనుకుంటే పెద్ద ట్యాంకుకి బలం ఎక్కువిచ్చి మూడు కార్డులూ ముందే పెట్టించండి, చిన్నవాటికి ఒక్కొక్కటే పెట్టుకునే వీలివ్వండి. పెద్దది ఎటు పోతుందో రెండో కార్డుకల్లా చిన్నవాళ్లకి తెలిసిపోతుంది, అక్కడి నుంచి దాని వీపు వెతుక్కోవడం వాళ్ల పని.