వజ్రాల వ్యాపారి జీవితం రాయబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

లేవ్ లెవియెవ్ జీవితం తెలుగులో రాస్తున్నావంటే సంతోషం వేసింది. నువ్వు పంపిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. 1956లో తాష్కెంటులో పుట్టాడు, 1971లో పదిహేనేళ్ల వయసులో కుటుంబంతో ఇజ్రాయెల్ వచ్చాడు, సాన పట్టే కార్ఖానాలో పనికి కుదిరాడు, కోటీశ్వరుడయ్యాడు... ఇలా ఏడాది పక్కన ఏడాది పేర్చుకుంటూ పోయావు. తేదీల్లో తప్పు లేదు. కానీ చదివినవాళ్లకు ఇతను చేసిన పనేమిటో అంతుపట్టదు. ముడి వజ్రం ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లేదో ముందు చెప్పు. అప్పుడే మనిషి తెలుస్తాడు.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ప్రపంచపు ముడి రాయిలో పెద్ద భాగం డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ ద్వారానే అమ్ముడయ్యేది. లండన్‌లో ఏడాదికి పది అమ్మకాలు జరిగేవి. దాన్ని 'సైట్' అంటారు, పిలుపు అందే వ్యాపారి 'సైట్ హోల్డర్'. అతని ముందు ఒక పెట్టె పెడతారు. అందులో అతను అడిగినవీ ఉంటాయి, అడగనివీ ఉంటాయి. ధర కంపెనీ చెప్పిందే. తీసుకుంటే పెట్టె మొత్తం తీసుకోవాలి, లేదంటే వదిలేసి వెళ్లాలి. 10.8 క్యారెట్లు దాటిన రాళ్లకే విడిగా బేరం. మాటిమాటికీ పెట్టె వదిలేస్తే పిలుపు ఆగిపోతుందేమోనని భయం. ఈ ఏర్పాటును ఒక పేజీలో కళ్లకు కట్టు. ఆ తర్వాతే లెవియెవ్‌ని లోపలికి తీసుకురా.

కార్ఖానా పని గురించి 'కష్టపడి నేర్చుకున్నాడు' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది చాలదు. ఒక్క రాయి తీసుకుని చివరిదాకా నడిపించు. రెండు క్యారెట్ల ముడి రాయి అనుకో, అంటే 0.4 గ్రాములు. రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు అతికించినట్టుండే ఎనిమిది ముఖాల రాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో ముందు లోపల మచ్చ ఎక్కడుందో, బీట ఎటు పాకిందో చూస్తారు. తర్వాత సిరాతో గీత గీస్తారు. సరిగ్గా నడిమధ్యన కోయకుండా కొంచెం పక్కకు జరిపి కోస్తే ఒక పెద్ద రాయి, ఒక చిన్న రాయి వస్తాయి. పెద్ద రాయికి క్యారెట్ ధరే ఎక్కువ కాబట్టి రెండు సమాన ముక్కల కంటే ఇదే లాభం. ఆ మచ్చ కోత గీత మీదే పడితే కోతలోనే పోతుంది, రెండు రాళ్లూ శుభ్రంగా బయటపడతాయి. గీత వెంట్రుకవాసి తప్పితే మచ్చ పెద్ద రాయిలోనే ఉండిపోతుంది.

కోసిన రాయిని గుండ్రంగా అరగదీసి, ఆలివ్ నూనెలో కలిపిన వజ్రపు పొడి పూసిన ఇనుప చక్రం మీద ముఖాలు తీరుస్తారు. గుండ్రటి రాయికి 57 ముఖాలు. చెక్కకు నార ఉన్నట్టే వజ్రానికీ ఒక దిశ ఉంటుంది. ఆ దిశ పట్టుకోకుండా ఆనిస్తే రాయి అరగదు, వేడెక్కుతుంది, చక్రం మీద గాటు పడుతుంది. అంతా అయ్యాక రెండు క్యారెట్లలో చేతికి మిగిలేది సుమారు సగం. అదీ మంచి ఆకారపు రాయి అయితేనే. వంకర రాయిలో ఇంకా తక్కువ. ముడి ధర అవతలివాళ్ల చేతిలో ఉండి, సగం బరువు పొడైపోయే ఈ వ్యాపారంలో సాన పట్టేవాడి లాభం ఎంత సన్ననిదో పాఠకుడికి ఇక్కడే తెలియాలి. అది తెలిస్తే లెవియెవ్ రష్యా ఎందుకు వెళ్లాడో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వరస సరిచెయ్యి. నీ చిత్తులో అతను 'డి బీర్స్‌ని ధిక్కరించి బయటికొచ్చి' రష్యా వెళ్లినట్టుంది. జరిగింది అలా కాదు. 1980లలో అతనూ సైట్ హోల్డరే. ఆ హోదా చేతిలో ఉండగానే 1989లో సోవియట్ ప్రభుత్వ సంస్థతో కలిసి రూయిస్ అనే సాన పట్టే కంపెనీ పెట్టాడు. సోవియట్ ముడి రాయి బయటి దేశాలకు చాలావరకు డి బీర్స్ ద్వారానే వెళ్తున్న రోజులవి. అక్కడి రాయిని అక్కడే సాన పడితే పనీ, అదనపు విలువా ఆ దేశానికే దక్కుతాయన్నది అతని వాదన. సైట్ పోయింది తర్వాత, 1990ల మధ్యలో. అంగోలాలో కటోకా గనిలో వాటా, 2004లో నమీబియాలో కార్ఖానా, అన్నిచోట్లా ఇదే ఎత్తుగడ. ఈ ఒక్క ఎత్తుగడ చుట్టూ మధ్య అధ్యాయాలన్నీ అల్లు.

కటోకా కింబర్లైట్ గని అని రాసి వదిలేశావు. తెలుగువాళ్లకు చెప్పడం తేలిక కదా. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నది కింబర్లైట్ గొట్టమే, భూగర్భం నుంచి పైకి తన్నుకొచ్చిన రాతి స్తంభం. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వెతికేవి నేల మీద చెల్లాచెదురైన రాళ్లు. మొదటిదానికి యంత్రాలు, పెట్టుబడి, ప్రభుత్వ ఒప్పందం కావాలి. రెండోదానికి కళ్లూ ఓపికా చాలు. అంగోలాలో రెండూ ఉన్నాయి. అంతర్యుద్ధ కాలంలో (అది 2002లో ముగిసింది) తిరుగుబాటుదార్లకు డబ్బు తెచ్చిపెట్టింది ఎక్కువగా ఆ రెండో రకమే.

యూదు వ్యాపారులకూ మన రాళ్లకూ పాత చుట్టరికం ఉంది. పదిహేడో శతాబ్దంలో లండన్ యూదులు మద్రాసుకు పగడాలు, వెండి పంపి గోల్కొండ వజ్రాలు తెప్పించుకునేవారు. జాక్ డి పైవా అనే పోర్చుగీసు యూదు వ్యాపారి 1687లో మద్రాసులోనే చనిపోయాడు. ఇది ఒక పేరా మించకుండా రాయి. లెవియెవ్ కథను కృష్ణ ఒడ్డుకు లాగకు.

దానధర్మాల అధ్యాయమే అన్నిటికంటే బలహీనంగా ఉంది, నాకు బాధేసింది. 'ఉదార హృదయుడు' అనే మాట నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ తీసెయ్యి. హీబ్రూలో 'త్సెదాకా' అంటే దానమే, కానీ ఆ మాట పుట్టింది 'న్యాయం' అనే మాటలోంచి. 'దాతృత్వం' కంటే మన 'ధర్మం' దానికి దగ్గర. వాకిట్లో 'ధర్మం చెయ్యండి' అన్నప్పుడు మనకూ ఆ రెండర్థాలూ వినిపిస్తాయి. రాబడిలో పదో వంతు ఇవ్వడం యూదుల్లో పాత ఆనవాయితీ. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమొనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా చెప్పాడు. అవతలివాడు మళ్లీ చెయ్యి చాచక్కర్లేకుండా పనో, భాగస్వామ్యమో ఇవ్వడం అన్నిటికంటే పై మెట్టు. ఇవి చెప్పాక అతని దాన నిధి 'ఓర్ అవ్‌నేర్' దగ్గరికి రా. అవ్‌నేర్ అతని తండ్రి పేరు, 'ఓర్' అంటే వెలుగు.

ఆ నిధి మాజీ సోవియట్ దేశాల్లో యూదు బడులు, పసిపిల్లల బడులు నడిపింది. అక్కడ ఒక బడి తెరవడమంటే ఏమిటో చూపించు. మత విద్యను దశాబ్దాలపాటు అణచివేసిన దేశం. హీబ్రూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు చదివించే పంతులు దొరకడు. యూదుల ఆచారం ప్రకారం వంటింట్లో పాలకూ మాంసానికీ వేర్వేరు గిన్నెలు కావాలి. శనివారం సెలవు ఉండాలి. లెక్కలు, సైన్సు ప్రభుత్వ పాఠ్యప్రణాళిక ప్రకారమే సాగాలి. ఆ వివరాలు పడితే విశేషణాలతో పనుండదు.

బడుల సంఖ్య రాసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకో. సొంతంగా పెట్టినవి, డబ్బు సాయం అందినవి, ఇప్పటికీ నడుస్తున్నవి, ఈ మూడూ వేర్వేరు లెక్కలు. వేసవి శిబిరాలను బడుల్లో కలిపేసే ప్రకటనలుంటాయి, చూసుకో. ఏ సంవత్సరపు లెక్కో పక్కనే రాయి. నిధి వేరు, అక్కడి యూదు సమాజాల సమాఖ్య వేరు. డబ్బు ఇచ్చింది ఇతను, రోజూ నడిపింది చబాద్ అనే యూదు మత శాఖ గురువులు (రబ్బీలు). ఆ శాఖ పెద్ద, లుబావిచ్ రెబ్బే మెనహెమ్ మెండెల్ ష్నీర్సన్ లెవియెవ్‌ని ఆశీర్వదించి, రష్యా యూదులను మరవొద్దన్నాడన్న ఘట్టాన్ని నువ్వు పక్కన నిలబడి చూసినట్టు రాశావు. 'అని లెవియెవ్ చెప్పాడు' అని చేర్చు. ఇంకొకటి, ఇతను బుఖారా యూదు, అంటే మధ్య ఆసియా యూదు. వాళ్ల ఇంటి భాష పారసీకపు యాస. నువ్వు వాళ్లమ్మ నోట యిద్దిష్ పలికించావు, అది తూర్పు యూరప్ యూదులది.

విమర్శలన్నీ ఆఖరి అధ్యాయంలో కుప్పపోశావు. అలా చేస్తే చదివేవాళ్లకు మొక్కుబడిగా కనిపిస్తుంది. అంగోలా గనుల కాపలాదార్ల దౌర్జన్యం మీద వచ్చిన ఆరోపణలు అంగోలా అధ్యాయంలోనే ఉండాలి. ఇజ్రాయెల్ ఆక్రమణలోని పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో, యూదు సెటిల్‌మెంట్లలో (కాలనీల్లో) అతని కంపెనీల నిర్మాణాలు, ఆ కారణంగా 2008లో యూనిసెఫ్ అతని విరాళాలు వద్దనడం అతని ఆఫ్రికా ఇజ్రాయెల్ కంపెనీ అధ్యాయంలో రావాలి. ఆరోపణ, విచారణ, తీర్పు, ఈ మూడింటిలో ఏది ఎంతవరకు వచ్చిందో స్పష్టంగా రాయి. అతని జవాబు కూడా ఇవ్వు.

ఆస్తి లెక్క ఒక్కచోటే చాలు, అదీ తేదీతో. షేర్ల ధర మీద కట్టిన అంచనా అది. 2009లో అదే ఆఫ్రికా ఇజ్రాయెల్ తన బాండ్ల అప్పు అనుకున్న గడువుల్లో తీర్చలేనని చేతులెత్తింది. ముడి వజ్రాల విలువ, సానబట్టిన వజ్రాల విలువ, నగల విలువ ఎక్కడా కలపకు. ఒకే రాయిని మూడుసార్లు లెక్కేసినట్టవుతుంది.

ముందు ఆ రెండు క్యారెట్ల రాయి పేజీలు రాసి పంపు. కోత గీత ఎక్కడ పడుతుందో పక్కన ఒక బొమ్మ గీసి పెట్టు. అది చూశాక రష్యా అధ్యాయం మాట్లాడుకుందాం.

మీ బాబాయి