పాత ఫోర్డ్ కారుకి కొత్త చిప్ తాళం మనమే ప్రోగ్రామ్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కానీ ఆల్రెడీ పనిచేసే తాళాలు రెండు మీ దగ్గర ఉండాలి. అమెరికాలో సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ కొన్న మనవాళ్ళకి చాలాసార్లు ఒక్క తాళమే ఇస్తారు, అసలు చిక్కంతా అక్కడే.

తాళం తలలో చిన్న చిప్ ఉంటుంది, దానికి బ్యాటరీ ఉండదు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ నుంచే పవర్ తీసుకుని తన కోడ్ చెప్తుంది, ఆ కోడ్ కారు మెమరీలో లేకపోతే తాళం తిరుగుతుంది గానీ ఇంజిన్ స్టార్ట్ అవ్వదు, డ్యాష్‌బోర్డ్ మీద థెఫ్ట్ లైట్ గబగబా కొట్టుకుంటుంది. అందుకే చిప్ లేకుండా కట్ చేయించిన డూప్లికేట్ డోర్ తీయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

తాళం తిప్పి స్టార్ట్ చేసే చాలా మోడల్స్‌లో పద్ధతి ఇదీ: మొదటి పాత తాళం పెట్టి ఆన్‌కి తిప్పండి, 3 సెకన్లు దాటాక, 10 లోపే ఆఫ్ చేసి తీసేయండి, వెంటనే 10 సెకన్లలోపు రెండో పాత తాళంతో అదే చేయండి, తర్వాత 20 సెకన్లలోపు కొత్తది పెట్టి ఆన్ చేయండి. థెఫ్ట్ లైట్ ఓ 3 సెకన్లు వెలిగి ఆరితే అయిపోయినట్టే. టైమింగ్ మీ మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి.

ఒక్క తాళమే ఉంటే డీలర్ గానీ, స్కాన్ టూల్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) ఉన్న లాక్‌స్మిత్ గానీ చేయాల్సిందే. వాళ్ళు పాత కోడ్‌లు చెరిపేస్తే కనీసం రెండు తాళాలు ఎక్కించాలి, కాబట్టి స్పేర్ కూడా తీసుకెళ్ళండి. రిమోట్ బటన్లకి కొన్ని మోడల్స్‌లో వేరే ప్రోగ్రామింగ్ ఉంటుంది.