గడియ తీసే మేక

ప్రశ్న: మా మేక పెరటి తలుపు గడియ తానే తీసి బెండ మొక్కలన్నీ మేసేస్తోంది. ఆలోచించే తీస్తోందంటారా?
– ఓ పాఠకురాలు, కాశీనగర్ (ఒడిశా)

జవాబు: అది మొదటిసారి తీసినప్పుడు చూశారా అమ్మా? కిటుకంతా అక్కడే ఉంది. పర్లాకిమిడిలో మా ఆవుదీ ఇదే వరస. అరుగు మీద కూర్చుని కనిపెట్టాను. మొదటి రోజు తలుపును కొమ్ముతో కుమ్మింది, చెక్క నాకింది, తాడు నమిలింది. ఆ గొడవలో మూతి తగిలి గడియ పక్కకు జరిగింది. మర్నాడు నాకడం తగ్గింది. నాలుగో రోజు నేరుగా గడియ దగ్గరికే! "మీకంటే నయం" అంది మా ఆవిడ.

1898లో అమెరికా మనస్తత్వవేత్త థార్న్‌డైక్, లోపల్నించి మీటో తాడో కదిపితే తలుపు తెరుచుకునే పెట్టెల్లో పెట్టిన పిల్లులూ అంతే. బయటపడే సమయం మెల్లమెల్లగా తగ్గింది.

మరి స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో జర్మన్ మనస్తత్వవేత్త కోలర్ పెంచిన సుల్తాన్ అనే చింపాంజీ? రెండు కర్రలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, అందని పండు లాక్కుంది. మెరుపులా తట్టిందన్నాడు కోలర్. నాకు పూర్తి నమ్మకం లేదు. 1945లో బర్చ్ అనే పరిశోధకుడు పరీక్షించిన చింపాంజీల్లో కర్రల అలవాటు లేనివి చాలావరకు తడబడ్డాయి. మూడు రోజులు కర్రలతో ఆడుకోనిచ్చాక అన్నీ చకచకా చేసేశాయి.

మీరు గడియను తలుపు కిందివైపుకి మార్చి చూడండి. మేక పాత చోటే మూతితో తడుముతుందో, కొత్తచోటు వెతుకుతుందో రాయండి. ఈలోగా బెండ మొక్కల చుట్టూ ముళ్లకంప వేయించండి.