ఒంగోలు నుంచి కావలికి ఒక జవాబు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ అందింది. సూదులు ఉడికించే గిన్నె వర్ణన బాగుంది. చివరి పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. అన్నదమ్ములిద్దరికీ ఒకే సూదితో హెపటైటిస్ సి, అంటే కాలేయాన్ని పట్టే వైరస్, అంటించావు. అన్న నిష్ఠాపరుడు కాబట్టి మందు లేకుండానే కోలుకున్నాడు, తమ్ముడు తాగుబోతు కాబట్టి పోయాడు. చావును నడవడికకు శిక్షగా రాసే హక్కు నీకెవరిచ్చారు నాయనా?

తాగుడు కాలేయాన్ని త్వరగా పాడుచేస్తుంది, కాదనను. కానీ ఈ వైరస్ సోకినవారిలో 15 నుంచి 45 శాతం మందికి ఆరు నెలల లోపు చికిత్స లేకుండానే అది పోతుంది. అందులో పుట్టుకకూ వాటా ఉంది. 19వ క్రోమోజోము మీద, ఐఎల్28బి అనే జన్యువు దగ్గర, డీఎన్ఏ రాతలో ఒక్క అక్షరం తేడా అని 2009లో తేలింది. అమ్మానాన్నలిద్దరి నుంచీ ‘సి’ అక్షరమే వచ్చినవారు ఎక్కువగా బయటపడతారు. ఆ తల్లిదండ్రులకు చెరొక ‘సి’, చెరొక ‘టి’ ఉంటే ఒక కొడుక్కి రెండు ‘సి’లు, ఇంకొకడికి రెండు ‘టి’లు రావచ్చు. ఒకే కంచంలో తిన్న ఇద్దరికి! నీ కథ ఇక్కడుంది. 2013లో బయటపడింది ఇంకా విచిత్రం: పక్కనే ఉన్న ఐఎఫ్ఎన్ఎల్4 జన్యువు చెడిపోయి, వైరస్‌ను ఎదిరించే కోవకు చెందిన దాని ప్రోటీన్ తయారు కానివారే మెరుగ్గా కోలుకుంటున్నారు.

అలాగని కర్మను దించి ఆ పీట మీద జన్యువును కూర్చోబెట్టకు. రెండు ‘సి’లున్నా వైరస్ వదలనివారున్నారు, లేకున్నా గెలిచినవారున్నారు.

నా తొలి రోజుల్లో కందుకూరులో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేసే కూలీకి కామెర్లు వచ్చి తగ్గిన కథ రాశాను. నేల ఉసిరి పసరు తాగాడు, తగ్గింది. పసరుకే తగ్గిందని నేను రాయలేదు. తగ్గడానికి ధైర్యమో దేవుడో కారణం కావాలంటూ ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. మార్చలేదు. ఏళ్ల తరబడి అది అచ్చు కాలేదు. సందేశం లేనిదే కథను ముట్టని ఆ జాతి ఇప్పటికీ పోలేదు, నీ చివరి పేజీ వాళ్ల కోసమే రాసినట్టుంది.

ఇంకొకటి. తమ్ముడు ఏ సంవత్సరంలో చనిపోయాడు? ఇప్పుడు 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా నయమవుతోంది. 2018 నుంచి జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. ఆ తర్వాత చనిపోయి ఉంటే, అతనికి రక్తపరీక్ష ఎందుకు జరగలేదో, ఇంట్లో ఎవరు అడ్డుపడ్డారో రాయాలి. రాసి పంపు.